రెండు ఇన్‌పుట్‌లు అడిగే ఫంక్షన్‌ను లిస్ట్ మొత్తానికి ఎలా వాడాలి?

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన రైతుకు ఎంత వస్తుందో లెక్క కట్టడం తేలికే. బరువు కిలోల్లో, రేటు క్వింటాల్‌కు. రెండూ గుణించి వందతో భాగిస్తే సరి. హమాలీ, కమీషన్ కోతలు పక్కన పెడదాం. పైథాన్‌లో ఇలా:

డెఫ్ సొమ్ము(బరువు, రేటు):
    రిటర్న్ బరువు * రేటు / 100

డెఫ్, రిటర్న్, మ్యాప్ లాంటివి మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. సొమ్ము, బరువు లాంటి పేర్లు మాత్రం పైథాన్ 3లో తెలుగులోనే పెట్టుకోవచ్చు, నడుస్తాయి.

కాంటా అయిన బరువులు లిస్ట్‌లో ఉన్నాయి: బరువులు = [240, 185, 310]. లిస్ట్(మ్యాప్(సొమ్ము, బరువులు)) అని కొడితే టైప్ ఎర్రర్ వస్తుంది. మ్యాప్ లిస్ట్‌లోని ప్రతి విలువకూ ఫంక్షన్‌ను నడుపుతుంది, కానీ ఒక్కోసారి ఒక్క బరువే అందిస్తుంది, ఫంక్షనేమో రేటేదని అడుగుతుంది. కాబట్టి ముందు ఆ రేటు ఎక్కడుందో చూసుకోవాలి.

1. అందరికీ ఒకటే రేటు అయితే

ఫంక్‌టూల్స్ మాడ్యూల్‌లోని పార్షియల్‌తో రేటును ముందే బిగించేయండి:

ఈరోజు = పార్షియల్(సొమ్ము, రేటు=14000)
లిస్ట్(మ్యాప్(ఈరోజు, బరువులు))

రేటు= అని పేరు రాయడం మరవొద్దు. ఉత్త 14000 ఇస్తే అది మొదటి స్థానంలో, అంటే బరువులో కూర్చుంటుంది. ఇక్కడ గుణకారం కాబట్టి జవాబు మారదు, తప్పు కూడా బయటపడదు. అదే తరుగు తీసేసే ఫంక్షన్ అయితే లెక్క తలకిందులే.

2. రేట్లు వేరే లిస్ట్‌లో ఉంటే

రేట్లు = [14000, 13500, 15000]
లిస్ట్(మ్యాప్(సొమ్ము, బరువులు, రేట్లు))

మ్యాప్ రెండు లిస్టుల్లోంచి చెరొకటి తీసి ఇస్తుంది. 33,600, 24,975, 46,500 వస్తాయి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. తెలిసినవాళ్ల అడ్తి దుకాణానికి స్క్రిప్ట్ రాసిచ్చాను. ఒకరోజు ఒక రేటు ఎంటర్ చేయడం మరిచారు. మ్యాప్ ఏ ఎర్రరూ ఇవ్వలేదు. చిన్న లిస్ట్ అయిపోగానే చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. చివరి రైతు తన తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) ఏదని అడిగేదాకా ఎవరికీ తెలియలేదు. అంతకన్నా ఘోరం, మరిచింది మధ్యలో రేటు అయితే ఒకరి రేటు ఇంకొకరికి పడుతుంది.

3. బరువు, రేటు జతలుగా ఉంటే

[(240, 14000), (185, 13500)] లాంటి లిస్ట్‌కు ఐటర్‌టూల్స్‌లోని స్టార్‌మ్యాప్ ఉంది. ప్రతి జతనూ విప్పి ఫంక్షన్‌కు ఇస్తుంది. పై గొడవకు మందు కూడా ఇదే:

లిస్ట్(స్టార్‌మ్యాప్(సొమ్ము, జిప్(బరువులు, రేట్లు, స్ట్రిక్ట్=ట్రూ)))

జిప్ రెండు లిస్టులను జతలుగా కలుపుతుంది, పొడవులు కలవకపోతే వాల్యూ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఈ స్ట్రిక్ట్ పైథాన్ 3.10లో జిప్‌కు వచ్చింది, 3.14లో మ్యాప్‌కూ ఇచ్చారు.

హాస్కెల్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో అయితే, బరువులు మాత్రమే ఇచ్చిన మన మొదటి ప్రయత్నానికి ఎర్రరే రాదు. బరువు నింపుకుని రేటు కోసం ఎదురుచూసే ఫంక్షన్ల లిస్ట్ చేతికొస్తుంది. అక్కడ ఫంక్షన్ ఇన్‌పుట్‌లను ఒక్కొక్కటిగా తీసుకోవడం వల్లే ఇలా కుదురుతుంది. దాన్నే కర్రీయింగ్ అంటారు, మన కూరతో సంబంధం లేదు, హాస్కెల్ కర్రీ అనే తర్కశాస్త్రవేత్త పేరు. రెండు లిస్టులకు అక్కడ జిప్‌విత్ వాడతారు.

పైథాన్‌లో మ్యాప్, స్టార్‌మ్యాప్ ఇచ్చేది ఒక్కసారికే పనికొస్తుంది. సమ్‌తో టోటల్ తీశాక మళ్లీ ప్రింట్ చేయబోతే ఖాళీ. ముందే లిస్ట్‌లో వేసి పెట్టుకోండి.