వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోతోందా? ఆయిల్ పంపు విప్పి ఈ గ్యాప్‌లు చూడండి

సమస్య: పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ప్రెషర్ బాగానే చూపిస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో (రేజ్ చేయకుండా) వదిలితే మాత్రం ముల్లు కిందికి జారుతుంది, లేదా ఆయిల్ లైటు మినుకుమంటూ, కాస్త రేజ్ చేస్తే ఆరిపోతుంది. చాలామంది ఇక్కడ చిక్కటి ఆయిల్ పోసి ఊరుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి, జబ్బు దాగుతుందే తప్ప తగ్గదు.

పంపు జోలికి వెళ్లేముందు ఆయిల్ లెవెల్ చూసి, సెన్సర్ తీసి ఆ రంధ్రంలో మామూలు మెకానికల్ గేజ్ బిగించి చూడండి. సెన్సర్ తప్పు చూపించడం వల్ల అనవసరంగా విప్పిన ఇంజన్లు చాలానే ఉన్నాయి.

గేజ్ కూడా అదే చెబితే: వేడికి పలచబడిన ఆయిల్ పంపులో ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి వెనక్కి పోతుంది. ఐడిల్‌లో పంపు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఆ లీకు అప్పుడే బయటపడుతుంది. ఇంకో సంగతి, సందు రెండింతలైతే లీకు రెండింతలు కాదు, దాదాపు ఎనిమిదింతలు అవుతుంది. అందుకే వెంట్రుకవాసి తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

రోటర్ పంపులో (ఒకదానిలో ఒకటి తిరిగే రెండు రోటర్లున్న పంపు) కొలవాల్సిన సందులు మూడు. లోపలి రోటర్ కొనకూ బయటి రోటర్‌కూ మధ్య, బయటి రోటర్‌కూ బాడీకీ మధ్య, రోటర్ల పైభాగానికీ కవర్‌కూ మధ్య. మొదటి రెండూ ఫీలర్ గేజ్‌తో (మందం రాసి ఉండే పలచటి బ్లేడ్ల సెట్) తేలిగ్గా తేలిపోతాయి. చాలా పంపుల్లో కొన దగ్గర 0.20 మి.మీ., బాడీ దగ్గర 0.30 మి.మీ. దాటితే అరిగిపోయినట్టే, అయినా మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్న అంకెదే చివరి మాట. అరిగితే రోటర్లు రెండూ సెట్‌గానే మార్చాలి, బాడీ అరిగితే పంపే మార్చాలి.

మూడోదే అసలైనది, ఎక్కువమంది తప్పుచేసేదీ ఇక్కడే. బాడీ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని ఉక్కు పట్టీ) అడ్డంగా పెట్టి దాని కిందికి ఫీలర్ బ్లేడు దూర్చండి, బ్లేడు కాస్త పట్టి లాగినట్టు ఉండాలి, వదులుగా జారకూడదు. సాధారణంగా 0.03 నుంచి 0.09 మి.మీ. మధ్య ఉంటే మంచిది. బ్లేడూ రోటరూ శుభ్రంగా తుడిచాకే కొలవండి, ఆయిల్ పొర కూడా అంకె మార్చేస్తుంది. ఈ కొలతలో కవర్ అరుగుదల రాదు! కవర్‌ను తిప్పి బొటనవేలి గోటితో గీకి చూడండి, రోటర్ తిరిగిన చోట గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడిందన్నమాట, ఆ లోతు కూడా గ్యాప్‌లో కలుపుకోవాలి. గాడి తక్కువైతే మందపాటి గాజు పలక మీద 400 నంబరు, తర్వాత 600 నంబరు వాటర్ పేపర్ పరిచి, ఆయిల్ వేసి, కవర్‌ను ఎనిమిది అంకె తిప్పినట్టు రుద్దండి. లోతుగా ఉంటే కొత్త కవర్. కవర్ కింద గాస్కెట్ ఉండే పంపైతే దాని మందం కూడా గ్యాపే, అసలుకంటే మందపాటిది వేస్తే చేసిన పనంతా వృథా.

రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మరీ పెరిగితే తెరుచుకునేది) కూడా తీసి చూడండి. దానిలో కదిలే ప్లంజర్ తన బరువుతోనే జారాలి. తెరుచుకుని ఇరుక్కుంటే ప్రెషర్ ఎప్పుడూ తక్కువే, మూసుకుని ఇరుక్కుంటే చల్లని ఇంజన్‌లో ఆయిల్ ఫిల్టర్ సీలు తన్నుకొస్తుంది.

స్టార్ట్ చేశాక ప్రెషర్ ఆలస్యంగా వస్తోందంటే పికప్ పైపు (పంపుకు ఆయిల్ పీల్చే పైపు) దగ్గరి ఓ-రింగ్‌ను, అంటే రబ్బరు రింగును అనుమానించండి, గట్టిపడితే గాలి పీలుస్తుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా ప్రెషర్ రాకపోతే తప్పు పంపుది కాకపోవచ్చు, ఎక్కువగా ఇంజన్ బేరింగులు అరిగి ఉంటాయి.

బిగించేటప్పుడు రోటర్ల మీది చుక్కలు మాన్యువల్ చెప్పిన వైపే ఉంచి, పంపు నిండా ఆయిల్ గానీ వాసెలిన్ గానీ పెట్టండి, గ్రీజు వద్దు. కవర్ బిగించాక షాఫ్ట్ చేత్తో తిప్పితే ఎక్కడా పట్టేయకూడదు. తర్వాత ఇంజన్ అందుకోకుండా స్టార్టర్‌తో కొద్దికొద్దిగా తిప్పి, గేజ్ ముల్లు లేచాకే స్టార్ట్ చేయండి.