హెచ్‌ఓఏ ఇంట్లో హామ్ యాంటెన్నా

అమెరికాలో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలుండే కాలనీలో ఇల్లు తీసుకున్న మన హామ్‌లకు, అంటే అమెచ్యూర్ రేడియో వాళ్లకు, ఒక మాట. టీవీ డిష్‌కు రక్షణనిచ్చే ఎఫ్‌సీసీ (అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) నియమం మన యాంటెన్నాకు వర్తించదు. హామ్ యాంటెన్నాలకు వెసులుబాటు ఇవ్వాలనే 1985 నాటి ఎఫ్‌సీసీ ఉత్తర్వు పీఆర్‌బీ-1 వర్తించేది ప్రభుత్వాల నిబంధనలకే గానీ హెచ్‌ఓఏ ఒప్పందాలకు కాదు. వాదన పక్కన పెట్టి, బయటికి కనబడకుండా యాంటెన్నా కట్టడానికి అటక ఎక్కండి.

20 మీటర్ల బ్యాండ్‌కు సుమారు 33 అడుగుల సన్నటి ఇన్సులేటెడ్ వైరు, ఒక చివర 49:1 ట్రాన్స్‌ఫార్మర్ (వైరును రేడియో కేబుల్‌కు సరిపోల్చేది) చాలు. వైరు కాస్త పొడుగ్గానే ఉంచి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రేడియోకు ఎంత బాగా సరిపోయిందో చెప్పే కొలత) చూసుకుంటూ కొద్దికొద్దిగా కత్తిరించండి. తొందరపడి పొట్టి చేస్తే మళ్లీ అతుకులే! చోటు చాలకపోతే చివర వంచినా పనిచేస్తుంది. కరెంటు తీగలకు, ఏసీ డక్టులకు ఎంత దూరముంటే అంత మంచిది.

అన్నట్టు, వైరు కొనేముందే టార్చి వేసి పైకప్పు లోపలివైపు చూడండి. వెండిలా మెరిసే రేడియంట్ బారియర్ (వేడిని ఆపే లోహపు పొర) ఉంటే అది సిగ్నల్‌నూ అడ్డుకుంటుంది, ఇక అటక దండగ. అప్పుడిక పెరట్లో చెట్టే దిక్కు. నల్ల వైరైతే కొమ్మల్లో కలిసిపోతుంది. ఒప్పంద పత్రం మాత్రం ఓసారి చదువుకోండి.

అటక కింద పడగ్గది ఉంటే, అక్కడివాళ్ల మీద రేడియో తరంగాలు ఎక్కువ పడకుండా ప్రసార పవర్ తగ్గించండి. బలహీన సిగ్నల్‌తోనూ పనిచేసే డిజిటల్ పద్ధతి ఎఫ్‌టీ8కి 10 వాట్లు కూడా ఎక్కువే.