చేతి కంప్యూటర్‌లో ఈమెయిల్: వచ్చే దారి వేరు, పోయే దారి వేరు

ట్యాబ్ కానీ, పాత పాకెట్ కంప్యూటర్ కానీ, మెయిల్ తెచ్చే సర్వర్ ఒకటి, పంపే సర్వర్ ఇంకొకటి. ఇన్‌బాక్స్ నిండిందని సెట్టింగ్స్ అన్నీ సరిగ్గా ఉన్నాయనుకోవద్దు. చాలామంది చిక్కుకునేది పంపే దగ్గరే.

ముందు తేదీ, టైమ్ చూడండి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన పాత పరికరంలో తేదీ ఏళ్ల వెనక్కి పోవచ్చు. అప్పుడు సర్వర్ సర్టిఫికెట్ (తాను అసలు సర్వరేనని అది చూపే గుర్తింపు పత్రం) చెల్లదని పరికరం అంటుంది. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా ఫలితం ఉండదు.

అకౌంట్ రకం ఐమ్యాప్ (మెయిల్స్‌ను సర్వర్‌లోనే ఉంచి చూపే పద్ధతి) పెట్టండి. పాప్3 అనే ఇంకో పద్ధతిలో 'సర్వర్‌లో కాపీ ఉంచు' ఆన్ చేయకపోతే మెయిల్స్ ఈ పరికరంలోకి దిగి, సర్వర్‌లో మాయమైపోవచ్చు. ఐమ్యాప్‌కు పోర్ట్ (సర్వర్‌లోకి వెళ్లే ద్వారం నంబర్) 993, సెక్యూరిటీ ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ (మొదటి నుంచీ అంతా రహస్య సంకేతాల్లో పంపే పద్ధతి). యూజర్‌నేమ్ దగ్గర సాధారణంగా పూర్తి ఈమెయిల్ అడ్రస్ ఇవ్వాలి. స్క్రీన్ కీబోర్డ్ సూచించిన పదాన్ని నొక్కితే దాని చివర ఒక ఖాళీ చేరుతుంది. కంటికి కనిపించదు, లాగిన్ మాత్రం ఫెయిలవుతుంది. కర్సర్‌ను చివరికి తీసుకెళ్లి ఒకసారి చెరిపి చూడండి.

జీమెయిల్‌కు మెయిల్ యాప్‌లో గూగుల్ సైన్ ఇన్ లేకపోతే మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, గూగుల్ ఇలాంటి యాప్‌ల కోసం విడిగా ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని అది కొట్టాలి.

ఇక అవుట్‌గోయింగ్, అంటే పంపే సర్వర్. పోర్ట్ 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్, 587 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్ (మామూలుగా పలకరించుకుని, తర్వాత రహస్య సంకేతాల్లోకి మారే పద్ధతి). ఈ జతలు మారకూడదు. 465కి స్టార్ట్‌టీఎల్‌ఎస్ పెడితే సర్వర్ ముందు పలకరిస్తుందని పరికరం, పరికరమే ముందు మొదలుపెడుతుందని సర్వర్ ఎదురుచూస్తూ కూర్చుంటాయి. మీకు కనిపించేది తిరుగుతున్న చక్రం, కాసేపటికి టైమ్‌అవుట్. పోర్ట్ 25 జోలికి పోవద్దు, స్పామ్ వల్ల చాలా నెట్ కంపెనీలు దాన్ని ఆపేస్తాయి. 'అవుట్‌గోయింగ్ సర్వర్‌కు లాగిన్ కావాలి' అన్న గడిలో టిక్ తప్పనిసరి. అది లేకపోతే మీ డొమైన్‌లోని (@ తర్వాతి భాగం మీదే అయిన) అడ్రస్‌లకు మెయిల్ వెళ్లి, బయటివాళ్లకు మాత్రం తిరస్కరించవచ్చు.

అన్నీ సరిగ్గా ఉన్నా కనెక్ట్ కాకపోతే పరికరం పాతదై ఉండవచ్చు. టీఎల్‌ఎస్ పాత వెర్షన్లు 1.0, 1.1లను 2021లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫే పక్కన పెట్టింది. 1.2 తెలియని పరికరాన్ని చాలా సర్వర్లు రానివ్వవు. అలాగని సెక్యూరిటీ 'ఏదీ వద్దు' అని పెట్టకండి, పాస్‌వర్డ్ బట్టబయలుగా వెళ్తుంది.

మెమరీ తక్కువైతే 7 రోజుల మెయిల్స్ చాలు, అటాచ్‌మెంట్లు అడిగినప్పుడే దిగేలా పెట్టండి. ఫైల్ పంపేటప్పుడు సైజు మూడో వంతు పెరుగుతుందని గుర్తుంచుకోండి.

చివరగా, మీకు మీరే మెయిల్ పంపి సరిపెట్టుకోకండి. వేరే కంపెనీ అడ్రస్‌కు పంపి, జవాబు తెప్పించుకుని, పంపిన మెయిల్ సెంట్ ఫోల్డర్‌లో ఉందో లేదో చూడండి.