బిల్డ్ పాసైంది, సర్వర్‌లో మాత్రం 'జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్'

సమస్య: ఉబుంటు 22.04లో బిల్డ్ ఏ ఎర్రరూ లేకుండా పూర్తయింది, టెస్టులూ పాసయ్యాయి. అదే బైనరీని 20.04 సర్వర్‌లో పెట్టి రన్ చేస్తే 'వెర్షన్ జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్' అని ఆగిపోతోంది. మీ కోడ్ తిరగేయకండి, తప్పు అక్కడ లేదు. హలో వరల్డ్ రాసి పంపినా ఇదే గొడవ.

కారణం: జీలిబ్‌సీ అంటే ఉబుంటులో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే సీ లైబ్రరీ. 20.04లో ఉన్న జీలిబ్‌సీ 2.31, 22.04లో ఉన్నది 2.35. మీ ప్రోగ్రామ్ వాడే ఒక్కో ఫంక్షన్‌కూ బిల్డ్ మెషీన్‌లోని లైబ్రరీ ఏ వెర్షన్ చెబితే, లింకర్ ఆ వెర్షన్‌నే బైనరీలో రాసేస్తుంది. 2.34లో థ్రెడ్ల లైబ్రరీ పీథ్రెడ్‌ను ప్రధాన లైబ్రరీలో కలిపేశారు. మెయిన్‌ను పిలిచే స్టార్టప్ ఫంక్షన్‌కూ అప్పుడే కొత్త వెర్షన్ వచ్చింది. 'కొత్త ఫీచర్లేవీ వాడలేదు కదా' అని వాదించి లాభం లేనిది ఇందుకే. పాతదాని మీద బిల్డ్ చేసింది కొత్తదాంట్లో నడుస్తుంది, కొత్తదాని మీద చేసింది పాతదాంట్లో నడుస్తుందన్న హామీ లేదు.

నిర్ధారణకు రెండు కమాండ్లు చాలు. సర్వర్‌లో 'ఎల్‌డీడీ --వెర్షన్' కొట్టండి, అక్కడి జీలిబ్‌సీ నంబర్ తెలుస్తుంది. బిల్డ్ మెషీన్‌లో బైనరీ మీద ఆబ్జ్‌డంప్‌ను క్యాపిటల్ టీ ఆప్షన్‌తో నడిపి, జీలిబ్‌సీ కోసం గ్రెప్ చేయండి. అందులో కనిపించే అతిపెద్ద నంబర్ సర్వర్ నంబర్‌ని దాటితే దొంగ దొరికినట్టే.

పరిష్కారం: మీరు సపోర్ట్ చేయాల్సిన వాటిలో అన్నింటికంటే పాత ఓఎస్ మీద బిల్డ్ చేయండి. ల్యాప్‌టాప్ మార్చక్కర్లేదు, ఆ వెర్షన్ డాకర్ ఇమేజ్ చాలు. పైథాన్ వాళ్లు మెనీలినక్స్2014 వీల్స్‌కు (రకరకాల లినక్స్‌లలో నడిచేలా ముందే బిల్డ్ చేసిన ప్యాకేజీలకు) సెంటాస్ 7ను, అంటే జీలిబ్‌సీ 2.17ను, ఆధారంగా పెట్టుకున్నదీ ఈ లెక్కతోనే. ఇమేజ్‌కు 'లేటెస్ట్' ట్యాగ్ మాత్రం వద్దు, దాని వెనక ఉన్న వెర్షన్ చెప్పకుండా మారిపోతుంది. నిన్నటిదాకా నడిచిన పైప్‌లైన్ ఇవాళ పడిపోతే నేను ముందు చూసేది ఆ ట్యాగ్‌నే.

గో ప్రోగ్రామ్‌లో సీ కోడ్ అవసరం లేకపోతే సీగో_ఎనేబుల్డ్‌ను 0 చేయండి, జీలిబ్‌సీతో పనే ఉండదు. రస్ట్‌కైతే మజిల్ (జీలిబ్‌సీ బదులు వాడే మరో సీ లైబ్రరీ) టార్గెట్ ఉంది. సర్వర్ మీ చేతిలోనే ఉంటే ఓఎస్ అప్‌గ్రేడ్ చేసేయడమే మేలు: 20.04కు మామూలు సపోర్ట్ 2025 మేతోనే ముగిసింది.

ఒక్కటి మాత్రం చేయొద్దు. కొత్త లిబ్‌సీ ఫైల్ తెచ్చి సర్వర్‌లోని దాని మీద కాపీ చేశారంటే ఎల్ఎస్ కూడా పనిచేయకపోవచ్చు. ఎస్ఎస్‌హెచ్ పోతే లోపలికి వెళ్లి సరిచేసే దారీ ఉండదు.

ఎర్రర్‌లో 'జీలిబ్‌సీఎక్స్ఎక్స్' అని ఉంటే అది సీ++ లైబ్రరీ సంగతి. లింక్ చేసేటప్పుడు '-స్టాటిక్-లిబ్‌ఎస్‌టీడీసీ++' ఇస్తే చాలావరకు తీరిపోతుంది. ఇక ఆల్పైన్ లినక్స్‌లో ఇలాంటి బైనరీని రన్ చేస్తే, ఫైల్ కళ్లెదుటే ఉన్నా 'నాట్ ఫౌండ్' అంటుంది. అక్కడ దొరకనిది మీ ఫైల్ కాదు, దాన్ని లోడ్ చేయాల్సిన జీలిబ్‌సీ లోడర్. ఆల్పైన్‌లో ఉండేది మజిల్ కాబట్టి ఆల్పైన్ ఇమేజ్‌లోనే మళ్లీ బిల్డ్ చేయండి.