తీరం దగ్గర ఇల్లు కడుతున్నారా? ఊచలు పునాదిలోనే మొదలవ్వాలి
2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు చూసినవాళ్లకు తెలుసు, పెనుగాలి గోడను తోయడమే కాదు, పైకప్పును పైకి లాగుతుంది. తేలికైన రేకుల ఇళ్లకు అదే పెద్ద ప్రమాదం.

విశాఖ, శ్రీకాకుళం వైపు పిల్లర్లు లేకుండా ఇటుక గోడల మీదే కట్టేవాళ్లు దయచేసి పునాది దశలోనే ప్రతి మూలలో, గోడలు కలిసేచోట 12 ఎంఎం ఇనుప ఊచ నిలబెట్టించండి. కింది కొస ఎల్ ఆకారంలో వంచి పునాది కాంక్రీటులో ఉండాలి. అక్కడి నుంచి ప్లింత్ బీమ్ (పునాది పైన, గోడల అడుగున పోసేది), లింటెల్ బీమ్ (తలుపులు, కిటికీల పైన పోసేది) మీదుగా పైకప్పు దాకా వెళ్లాలి, అప్పుడే కప్పు పునాదికి కట్టేసినట్టు ఉంటుంది. మధ్యలో అతుకు తప్పకపోతే రెండు ఊచల్నీ రెండున్నర అడుగులు కలిపి కట్టించండి. ఊచ చుట్టూ కాంక్రీటే నింపించండి, మాలు సరిపోదు. రేకులైతే పై బీమ్‌లోనే దూలాలకు బోల్టులు పెట్టించాలి.

కాంక్రీటు పోసే రోజు మేస్త్రి పక్కనే ఉండండి, గట్టిపడ్డాక ఊచ దించడం చాలా కష్టం.