స్కూబా నేర్పే మనిషిని ముందు ఇవి అడగండి

రుషికొండలోనో, అండమాన్ హేవ్‌లాక్‌లోనో స్కూబా డైవింగ్‌కి డబ్బు కట్టేముందు ఒక్క మాట. "మా ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫైడ్ అండీ" అనగానే తృప్తి పడిపోకండి. స్కూబా శిక్షణకి సర్టిఫికెట్లు ఇచ్చే పాడీ (PADI) అనే సంస్థ నిబంధనల ప్రకారం డైవర్‌గా 6 నెలలు గడిచి, 100 డైవ్‌లు పూర్తయినవాళ్లు కోర్సు చేసి ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు కూర్చోవచ్చు. రోజుకి మూడుసార్లు దిగేవాళ్లకి 100 డైవ్‌లంటే నెల పైన కొద్దిరోజుల పని. అది కనీస అర్హత మాత్రమే.

నేనైతే మొదట అడిగేది మొత్తం ఎన్ని డైవ్‌లని కాదు, ఇదే చోట ఎన్నాళ్లుగా దిగుతున్నారని. ప్రవాహం ఎటు లాగుతుందో, నీళ్లు ఎప్పుడు మసకబారతాయో అక్కడ ఒక్క సీజనైనా గడిపితేనే తెలుస్తుంది. ఆ తర్వాత, ఈత రాని కొత్తవాళ్లను ఎంతమందిని తీసుకెళ్లారో అడుగుతాను. తాను బాగా డైవ్ చేయడం వేరు, భయంతో మాస్క్ పీకేసుకోబోయే మనిషిని నీళ్లలోనే కుదుటపరచడం వేరు. ఒకేసారి ఎంతమందిని చూసుకుంటారో కూడా తెలుసుకోండి. ఇన్‌స్ట్రక్టర్ తన సభ్యత్వ నంబరు ఇస్తే పాడీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

ఈ ప్రశ్నలకి విసుక్కునే చోట దయచేసి దిగకండి, కట్టిన అడ్వాన్స్ పోయినా సరే.