తనిఖీకి ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఎన్‌క్వాస్ (ప్రభుత్వ ఆసుపత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాలు) తనిఖీ తేదీ తెలియగానే మన దగ్గర రెండు పనులు మొదలవుతాయి. గోడలకు రంగులు వేయిస్తారు, రిజిస్టర్లు తిరగరాస్తారు. రంగులు వేయించండి, తప్పు లేదు. రిజిస్టర్లు మాత్రం తిరగరాయకండి. తనిఖీకి వచ్చేవారు ప్రతి అంశాన్నీ నాలుగు దారుల్లో సరిచూస్తారు: కళ్లతో చూస్తారు, సిబ్బందిని అడుగుతారు, రికార్డు తిరగేస్తారు, రోగిని పలకరిస్తారు. ఈ నాలుగూ ఒకే మాట చెప్పాలి. ఒక్కో అంశానికి 0, 1 లేదా 2 మార్కులు వేస్తారు. ధ్రువపత్రం రావాలంటే మొత్తం మీద కనీసం 70 శాతం రావాలి. ములుగు, భూపాలపల్లి వైపు కేంద్రాల్లో తనిఖీల ఏర్పాట్లు చూస్తూ తరచూ గమనించినవి ఇవి.

సమస్య: ఐఎల్ఆర్ (టీకాలు దాచే ఫ్రిజ్) ఉష్ణోగ్రత చార్టులో నెలంతా ఒకే అంకె

ఉదయం 4, సాయంత్రం 4, ఆదివారం కూడా 4. సంతకాలన్నీ ఒకే సిరాతో ఉంటాయి.

కారణం: నెలాఖరున కూర్చుని ఒకేసారి నింపడం. ఇందులో సోమరితనం కంటే ఏర్పాటు లోపమే ఎక్కువ. చార్టు ఆఫీసు బీరువాలో ఉంటుంది, ఐఎల్ఆర్ వేరే గదిలో ఉంటుంది. సెలవు రోజున ఎవరు చూడాలో ఎక్కడా రాసి ఉండదు.

పరిష్కారం: చార్టును ఐఎల్ఆర్ పక్క గోడకే వేలాడదీయండి. ఆదివారం ఉష్ణోగ్రత చూసేవారి పేరు డ్యూటీ పట్టికలో రాయండి. 2 నుంచి 8 డిగ్రీల హద్దు దాటిన రోజున అసలు అంకె వేసి, ఏం చేశారో పక్కనే రాయండి. మే నెలలో కరెంటు పోయి 9కి చేరిందని, వ్యాక్సిన్లను కోల్డ్ బాక్సులోకి మార్చామని రాసిన చార్టు తనిఖీలో నిలబడుతుంది. ఇది మార్కుల కోసం మాత్రమే చెబుతున్న మాట కాదు. పెంటావాలెంట్, హెపటైటిస్ బి టీకాలు గడ్డకడితే పాడైపోతాయి. సీసా మీద ఉండే వీవీఎం గుర్తు (వేడికి రంగు మారే చిన్న గుర్తు) వేడి తగిలిన సంగతి మాత్రమే చెబుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. రాత్రంతా సున్నా కంటే దిగువకు వెళ్లినా చార్టులో 4 అని వేస్తే, పనిచేయని టీకా పసిబిడ్డ తొడకు పడుతుంది. అది తల్లికీ తెలియదు, మనకూ తెలియదు.

సమస్య: అడగగానే ఆయమ్మ, నర్సు మౌనం

కారణం: పని రాక కాదు. గోడ మీది సూచనలు ఇంగ్లీషులో ఉంటాయి, శిక్షణ పేరుతో వాటినే ఒకసారి చదివి వినిపిస్తారు. పదేళ్లుగా రోజూ నేల తుడిచే ఆయమ్మను ఆ పని గురించి ఎవరూ ఏనాడూ అడిగి ఉండరు.

పరిష్కారం: రోజూ పది నిమిషాలు, పని జరిగే చోటే నిలబడి అడగండి. "అమ్మా, ఇక్కడ రక్తం పడితే ఏం చేస్తారు?" నోటితో చెప్పలేకపోతే చేసి చూపించమనండి. తనిఖీ రోజున కూడా ఆమె చేసి చూపించవచ్చు. రక్తం పడిన చోట శుభ్రానికి వాడే బ్లీచింగ్ ద్రావణం దగ్గరే ఎక్కువమంది తడబడతారు. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ 30 శాతం ఉంటే, 1 శాతం ద్రావణానికి లీటరు నీటికి సుమారు 33 గ్రాములు కావాలి. గ్రాముల లెక్క ఆయమ్మకు అప్పగించకండి. ఒకసారి తూకం వేసి, ఆ పొడి ఎంతవరకు వచ్చిందో ఒక గ్లాసు మీద గీత గీసి ఇవ్వండి. సంచి మూతి తెరిచి వదిలేస్తే పొడిలో క్లోరిన్ తగ్గిపోతుంది, అప్పుడు ఏ లెక్కా పనికిరాదు. ద్రావణం ఏ రోజుకు ఆ రోజు కలిపి, కలిపిన సమయం బకెట్ మీద రాయండి.

సమస్య: పసుపు సంచిలో సిరంజీలు, ఎరుపు సంచిలో దూది

కారణం చాలాసార్లు బకెట్లు ఉన్న చోటే. చేతికి అందేది ఏదైతే అందులో వేస్తారు. ఇంజెక్షన్ బల్ల దగ్గర మీరే నిలబడి చేయి చాచి చూడండి. సూది లేని సిరంజీకి ఎరుపు, రక్తం అంటిన దూదికి పసుపు, సూదులకు తెల్లని గట్టి డబ్బా. మూడూ అక్కడే అందాలి.

సమస్య: "మాకేమీ చెప్పలేదు" అని బాలింత అనడం

ఈ మాట వినగానే నర్సు మొహం చిన్నబోతుంది, ఎందుకంటే ఆమె నిజంగానే చెప్పి ఉంటుంది. కానీ ఏటూరునాగారం, తాడ్వాయి వైపు నుంచి వచ్చే కోయ తల్లులకు మన పుస్తకాల తెలుగులో గబగబా చెప్పింది అందదు. ఆ ఊరి ఆశా కార్యకర్త చేత కోయలో చెప్పించండి. ప్రమాద సూచనలను తల్లి చేతనే తిరిగి చెప్పించుకోండి. తోడుగా వచ్చిన అత్తనో, అమ్మనో కూడా కూర్చోబెట్టండి. ఇంటికి వెళ్లాక నిర్ణయం చాలాసార్లు వాళ్లదే.

సమస్య: జాతర వారంలో రిజిస్టర్ ఖాళీ

మేడారం జాతర రోజుల్లో సిబ్బందిని అటు పంపితే రాతపని ఆగిపోతుంది. ఆ ఖాళీలను ఊహించి నింపకండి. ఎవరెవరు ఏ తేదీల్లో జాతర డ్యూటీకి వెళ్లారో ఆ పేజీలోనే రాసి, డాక్టరు సంతకం తీసుకోండి.

తనిఖీ రేపే అయితే

పైవేవీ ఒక్క రాత్రిలో కుదరవు. అత్యవసర మందుల ట్రేలో గడువు తేదీలు చూడండి, అంబు బ్యాగును (చేత్తో నొక్కి రోగికి ఊపిరి అందించే సంచి) ఒకసారి నొక్కి చూడండి, ఆక్సిజన్ సిలిండర్ తెరిచే తాళంచెవిని దారంతో సిలిండర్‌కే కట్టండి.